మామయ్యగారి ‘చూశాను’

మా యాప్ పేజీలో బొమ్మల కింద ఒక వాక్యం ఉండేది: ‘ఇందులో చేసే ప్రతి మార్పునూ, ముప్పై ఎనిమిదేళ్ళు అచ్చుతప్పులు పట్టిన ప్రూఫ్‌రీడర్ ఒకరు చూసిన తర్వాతే మీకు పంపుతాం.’ రాసింది నేనే. రాసిన రోజున అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అది అబద్ధంగా మారిన రోజు కూడా నాకు బాగా గుర్తుంది. జూన్ నెల మధ్యలో ఒక శుక్రవారం. ఆ తర్వాత కూడా ఐదు నెలలు దాన్ని అక్కడే ఉంచాను. జనానికి ఆ వాక్యం నచ్చింది మరి. ‘మీ ప్రూఫ్‌రీడర్ గారికి నా నమస్కారాలు చెప్పండి’ అని ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసేవారు. ఆ నమస్కారాలు పట్టుకెళ్ళి ఆయనకి చెప్పేదాన్ని కూడా.

ఆయన మా మామగారు.

మా వ్యాపారం గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. మూడో అంతస్తు ఫ్లాటులో ముందుగది, కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద రెండు తెరలు, సొరుగులో పరీక్షల కోసం కొన్న ఐదు ఫోన్లు, చిక్కుపడిపోయిన వాటి తీగలు, నేను. ఇదీ కంపెనీ. అంతకుముందు పెద్ద కంపెనీలో తొమ్మిదేళ్ళు చేశాను. నాకు ముక్కు మీద కోపం. పై అధికారి నా పనిని తన పనిగా చెప్పుకుంటుంటే నోరు మూసుకుని కూర్చోలేక బయటికి వచ్చేశాను. వచ్చి ‘మాత్రవేళ’ అనే యాప్ తయారుచేశాను. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అది మోగి చెబుతుంది. వేసుకున్నాక మనం ఒక గుండ్రటి మీట నొక్కాలి. అంతకంటే ఏం లేదు. మొదటి ఏడాది నాలుగు వందల మంది వాడారు, అందులో సగం మంది చుట్టాలే. మూడో ఏటికి పదకొండు వేలయ్యారు. కోడ్ రాసేది నేను, బొమ్మలు గీసేది నేను, ఉత్తరాలకు జవాబిచ్చేది నేను, ఐదు చుక్కలకి ఒక్క చుక్క పడేసి పోయినవాళ్ళ తిట్లు తినేదీ నేనే.

మామయ్యగారు ఇందులోకి వస్తారని నేను అనుకోలేదు. ఆయన పనిచేసిన అచ్చాఫీసు మూతపడింది. ఇంట్లో తోచక అటూ ఇటూ తిరిగేవారు. ఒకరోజు గ్లాసు చేత్తో పట్టుకుని నా వెనక నిలబడి, రాత్రి ఎనిమిదిన్నర పక్కన కూడా సూర్యుడి బొమ్మే పెట్టావేమిటమ్మా అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. ఆ బొమ్మని రెండు వారాలుగా చూస్తూనే ఉన్నాను కదా. సూర్యుణ్ణి తీసి చంద్రుణ్ణి పెట్టాను. ఆ మర్నాటి నుంచి ఏది కొత్తగా తయారైనా, బయటికి పంపేముందు తీగ గుచ్చి ఆయన ఫోన్‌లో ఎక్కించడం అలవాటు చేసుకున్నాను.

ఆయనకొక పద్ధతి ఉంది. అచ్చాఫీసులో ప్రూఫు చదివి, తప్పులన్నీ దిద్దించి, చివర ఎర్ర పెన్సిల్‌తో ‘చూశాను’ అని రాసి పొట్టి సంతకం పెట్టేవారట. ఆ మాట లేని కాగితం మిషనెక్కేది కాదు. యజమాని వచ్చి గంతులేసినా ఎక్కేది కాదు. మా ఇంట్లోనూ అదే చట్టం వచ్చింది. పొడుగాటి రిజిస్టరొకటి కొన్నారు. పైన తారీఖు, కింద తప్పులు వరసగా, అన్నీ సరయ్యాక అడుగున ‘చూశాను’. పరీక్ష కోసం యాప్‌లో ‘ఉత్తుత్తి మాత్ర’ అని ఒక మందు పెట్టుకున్నారు. అది మోగినప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళి, నిజంగానే మంచినీళ్ళు తాగి వచ్చి, మీట నొక్కేవారు. లేని మాత్రకి నీళ్ళెందుకని నవ్వితే, వేసుకునేవాడు నీళ్ళు తాగి వచ్చేసరికి తెర ఆరిపోతుందేమో చూడొద్దా అన్నారు. నిజంగానే ఆరిపోతోంది. అదీ దిద్దుకున్నాను.

కానీ ఆయన చూడటానికి మూడు రోజులు పట్టేది. ఒక్కోసారి వారం. శుక్రవారానికి పంపేద్దామని నేను ఉవ్విళ్ళూరుతుంటే, సోమవారం పొద్దున్నే ఇంకో తప్పు పట్టుకుని తాపీగా వచ్చేవారు. పైకి ‘అలాగేనండి’ అని లోపల పళ్ళు కొరుక్కునేదాన్ని. ఈ మాట ముందే ఒప్పుకుంటున్నాను. తర్వాత నేను చేసినదానికి ఆయన పాత ఫోన్ ఒక సాకు మాత్రమే.

ఆ ఫోన్ ఆయనకి అచ్చాఫీసు మూసేసిన రోజున తోటివాళ్ళంతా కలిసి కొనిచ్చింది. వెనకవైపు, అక్కడ అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్ గారు సూదిమొనతో మామయ్యగారి పొట్టి సంతకం చెక్కి ఇచ్చారు. కంపోజిటర్ గారు మాకు రెండు వీధుల అవతలే ఉంటారు. ముప్పై ఏళ్ళు ఇద్దరూ ఒకే గదిలో పనిచేశారు. ఆయన గుణమేమిటంటే, కాగితం మీద ఏముంటే అదే పేర్చేవారు. తప్పుంటే తప్పే పేర్చేవారు. ఇది తప్పు కదండీ అని ఎవరైనా అంటే, ‘అది చూడ్డానికి వాడున్నాడుగా’ అని మామయ్యగారి వైపు చెయ్యి చూపించి తన పని తను చేసుకునేవారట. ఈ కథ మామయ్యగారు చెప్పినప్పుడల్లా అందరం నవ్వేవాళ్ళం.

జూన్ మొదటి వారంలో ‘రోజు విడిచి రోజు’ అనే సదుపాయం కలిపాను. చాలామంది అడుగుతున్నారు. మామయ్యగారు ఉత్తుత్తి మాత్రని దానికి మార్చుకుని, వారం రోజులు నీళ్ళు తాగి, ‘చూశాను’ అని రాశారు. యాప్‌ని ఆయన నిజంగా చూసి రాసిన చివరి ‘చూశాను’ అదే.

ఆ తర్వాతి వారమే పాత ఫోన్లని వదిలేశాను. ఫోన్ల కంపెనీలు ఏటా కొత్త నియమాలు పెడతాయి. పాతవాటినీ మోయాలంటే ప్రతి పనీ రెండుసార్లు చెయ్యాలి. చూస్తే మావాళ్ళలో పాత ఫోన్లున్నవాళ్ళు నూటికి ముగ్గురు కూడా లేరు. వాళ్ళ దగ్గరున్న యాప్ ఉన్నది ఉన్నట్టే పనిచేస్తుంది, కొత్త మార్పులు మాత్రం అందవు. పెద్ద నష్టమేముందిలే అనుకున్నాను. ఆ ముగ్గురిలో ఒకరు పక్కగదిలోనే కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటున్నారన్న సంగతి, ఆయన ఫోన్‌కి తీగ గుచ్చాకగానీ గుర్తురాలేదు.

ఈ ఫోన్‌లో ఎక్కదని నా తెర మీద వచ్చింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, రిజిస్టరు తెరిచి, అప్పటికే తారీఖు వేసేశారు. అది శుక్రవారం. ఆ సాయంత్రానికి పంపెయ్యాలని నాకు నేనే గడువు పెట్టుకున్నాను.

“అయిందా అమ్మా?” అన్నారు.

“అయిందండి,” అన్నాను.

ఫోన్ తీసి చేతికిచ్చాను. ఆ సాయంత్రం మార్పులన్నీ పదకొండు వేలమందికి పంపేశాను. మామయ్యగారు మూడు రోజులపాటు, అంతకుముందే చూసేసినదాన్ని మళ్ళీ మొదటినుంచీ చివరిదాకా చూశారు. రెండో రోజున, తెర అట్టడుగున ఉండే అంకె మారలేదేమని అడిగారు కూడా. ప్రతి కొత్తదానికీ అది మారాలి. ఇవన్నీ లోపలి మార్పులు, అంకె మార్చలేదని చెప్పాను. సరేనన్నారు. యాప్ నాది, అంకెలు పెట్టేది నేను. నా మాట కాదని ఇంకెవరి మాట నమ్ముతారు?

మా ఆయన ల్యాబులో రక్తపరీక్షలు చేస్తారు. ఆయనకి సంగతి తెలిసి, నాన్నకి చెప్పేయమన్నారు. ఆ ఫోన్ మీద మామయ్యగారికి ఎంత ప్రాణమో తెలుసుగా, సమయం చూసి చెబుతానులే అని మాట దాటేశాను. నిజానికి నాకు హాయిగా ఉంది. మూడేళ్ళలో మొదటిసారి ఎవరి కోసమూ ఆగకుండా, శుక్రవారం అనుకున్నది శుక్రవారమే పంపుతున్నాను. సొరుగులో ఐదు ఫోన్లున్నాయి. ఒకటి తీసి ఆయన చేతిలో పెడితే సరిపోయేది. పెట్టలేదు. పెడితే మళ్ళీ మూడేసి రోజులు ఆగాలి. తీగ గుచ్చడం, పది నిమిషాలు ఉంచడం, ‘అయిందండి’ అనడం. ఆ నాటకం జూన్ నుంచి అక్టోబరు దాకా ఎనిమిదిసార్లు ఆడాను.

ఆగస్టు ఒకటిన మామయ్యగారు రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఉత్తుత్తి మాత్ర ముప్పై ఒకటిన మోగిందట, మళ్ళీ ఒకటిన కూడా మోగిందట. మధ్యలో రోజు విడవలేదు. నేను అంతకు రెండు వారాల ముందే క్యాలెండరు తెరంతా కొత్తగా రాసి పంపాను. ఆయన ఫోన్‌లో ఉన్నది పాతది, పాతదాంట్లో ఉన్న తప్పు కొత్తదాంట్లో పోయే ఉంటుంది అనుకున్నాను. అనుకున్నానే తప్ప చూడలేదు. చూడ్డానికి ఒక ఫోన్ తీసి తారీఖు ముందుకి జరిపితే చాలు, రెండు నిమిషాల పని. సరిచేశానండి అని చెప్పి, తీగ గుచ్చి ఇచ్చాను. ఆయన ‘చూశాను’ అని రాసి, దాని పక్కనే ‘ముప్పై ఒకటి సంగతి నెలాఖరున మళ్ళీ చూడాలి’ అని రాసుకున్నారు.

ఆగస్టు మధ్యలో కంపోజిటర్ గారికి గుండె వేగం తగ్గించే మాత్ర ఒకటి రాశారు డాక్టరు. రోజు విడిచి రోజు వేసుకోవాలి, రోజు తప్పకూడదు, వరసగా వేసుకోకూడదు. ఆయన కూతురు టీచరు, పొద్దున్నే వెళ్ళిపోతుంది. అందుకని తండ్రికి కొత్త ఫోన్ కొనిచ్చింది. మామయ్యగారు వెళ్ళి స్నేహితుడి ఫోన్‌లో మన యాప్ పెట్టి వస్తానని బయల్దేరారు. చెప్పులేసుకుంటూ ఆగి, నా వైపు తిరిగి, “ముప్పై ఒకటి సంగతి సరిచేశావు కదమ్మా?” అని అడిగారు. సరిచేశానండి అన్నాను, తెర మీంచి తల తిప్పకుండానే.

సెప్టెంబరు ఒకటిన మళ్ళీ రిజిస్టరు వచ్చింది. ఈసారి నాకు విసుగేసింది. మీ ఫోన్‌లో గడియారం తేడా చేస్తోంది, యాప్ తప్పు కాదని గట్టిగానే చెప్పాను. ఆయన కాసేపు ఫోన్ వైపు చూసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత రిజిస్టరులో పై వరసలు చదవడం మానేశాను. అడుగున ‘చూశాను’ ఉందో లేదో చూసి మూసేసేదాన్ని. అది కూడా, ఏదో ఆయన తృప్తి కోసం.

నవంబరు ఒకటిన రిజిస్టరు నా బల్ల మీద ఉంది. దాని మీద నేను గ్లాసు పెట్టుకున్నాను. రెండో తారీఖు పొద్దున కంపోజిటర్ గారు కళ్ళు తిరిగి స్నానాలగది గడప మీద పడి, కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు.

మూడో తారీఖు మధ్యాహ్నం మామయ్యగారూ నేనూ ఆస్పత్రికి వెళ్ళాం. ఆరు మంచాల గది. కంపోజిటర్ గారు కిటికీ పక్క మంచం మీద, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూసి నవ్వి, ఇక అక్షరాలు పేర్చే పని ఎవరైనా ఇచ్చినా చెయ్యలేనురా అన్నారు. కూతురు కుర్చీ మా వైపు జరిపింది. గుండె బాగా నెమ్మదించిపోయిందట, అందుకే కళ్ళు తిరిగి ఉండొచ్చని డాక్టరు అన్నారట. మాత్ర వరసగా వేసుకున్నారా అని అడిగారట. ఆగస్టు నెలాఖరున కూడా రెండు రోజులు ఇలాగే తూలిపోయారని, ఎండ దెబ్బ అనుకున్నామని ఆవిడ చెబుతూ, తండ్రి ఫోన్ తీసి మా యాప్ తెరిచి చూపించింది. అక్టోబరు ఇరవై తొమ్మిది పక్కన, మాత్ర వేసుకున్నట్టు పచ్చగుర్తు. ముప్పై ఒకటి పక్కన పచ్చగుర్తు. ఒకటి పక్కన పచ్చగుర్తు.

మామయ్యగారు ఆ ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. జేబులోంచి తన ఫోన్ తీశారు. రెంటినీ మంచం అంచున పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ఒకదాని మీద చూపుడువేలు, రెండోదాని మీద ఇంకో చూపుడువేలు పెట్టి పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టారు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన చేసిన పని అదే. వేళ్ళు అట్టడుగున ఉన్న అంకె దగ్గరికి వచ్చి ఆగాయి. ఒకదాంట్లో ఒక అంకె, రెండోదాంట్లో ఇంకో అంకె. ఆయన తలెత్తి నా వైపు చూడలేదు. నేను మాత్రం ఆయన వేళ్ళ మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

“రెండు రోజులూ మోగిందేంటా అని నాకూ అనిపించిందిరా,” అన్నారు కంపోజిటర్ గారు, ఎవరినో సముదాయిస్తున్నట్టు. “మళ్ళీ, నువ్వు చూశావు కదా అని వేసుకున్నాను.”

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరం ఒకే సీటులో కూర్చున్నాం. నాలుగు స్టాపులు దాటాక ఆయనే మొదలుపెట్టారు.

“అంకె గురించి ఆరోజే అడిగాను నిన్ను,” అన్నారు.

“అవునండి.”

“ఎప్పట్నుంచమ్మా?”

“జూన్ నుంచి.”

“ఎన్ని?”

“ఎనిమిది.”

ఆయన చేతిలో ఫోన్‌ని వెనక్కి తిప్పి, దాని మీద చెక్కిన తన సంతకాన్ని బొటనవేలితో రుద్దారు. అప్పుడన్నారు: “ఫోన్ పాతబడిందని చెబితే ఇంకోటి కొనుక్కునేవాణ్ణి. నేను పాతబడ్డానని చెబితే మానేసేవాణ్ణి. రెండిట్లో ఏదో ఒకటి చెప్పాల్సిందమ్మా.”

ఇంటికి వచ్చి ముందు రిజిస్టరు తెరిచాను. సెప్టెంబరు పేజీలో ‘మళ్ళీ వరసగా మోగింది. ఫోన్‌దే తప్పని అమ్మాయి చెప్పింది’ అని ఉంది. దాని కింద ‘చూశాను’. అంటే నా మాట నమ్మి, తన కళ్ళని పక్కన పెట్టి సంతకం చేశారు. నవంబరు ఒకటి పేజీలో మొత్తం ఎర్ర పెన్సిలే. ‘ఇది మూడోసారి. ఫోన్ తప్పు కాదు. గడియారం రెండు నెలలుగా రేడియోతో సరిచూస్తున్నాను, నిమిషం తేడా లేదు. ఇది సరయ్యేదాకా బయటికి పంపొద్దు.’ ఆ పేజీలో ‘చూశాను’ లేదు. దాని మీద నా గ్లాసు అడుగు గుండ్రంగా మరకపడి ఉంది.

తర్వాత కోడ్ తెరిచాను. తెరంతా కొత్తగా రాశానన్న మాట నిజమే, కానీ ఏ రోజు మోగాలో తేల్చే ముక్కని మాత్రం పాతదాంట్లోంచి అలాగే ఎత్తి అతికించాను. జూన్‌లో తొందరలో రాసిన ముక్క అది. మందు మొదలుపెట్టిన తారీఖు బేసి అయితే బేసి తారీఖుల్లో మోగు, సరి అయితే సరి తారీఖుల్లో మోగు. ముప్పై ఒకటీ బేసే, ఒకటీ బేసే. చిన్నపిల్లలు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతారు. ఆ ముక్క పైన నేనే రాసుకున్న గుర్తు ఉంది: ‘తర్వాత చూడాలి’. మామయ్యగారి దగ్గర ఉన్నది మూలపడ్డ ఫోన్, పాత యాప్. ఆ పాతదాంట్లోంచే కొత్తదాంట్లో ఉన్న తప్పుని మూడుసార్లు పట్టి నాకు చూపించారు. నేను చెవిన పెట్టలేదు.

ముందు అందరికీ ఒక హెచ్చరిక పంపాను: రోజు విడిచి రోజు వేసుకునే మందులకి ఈ యాప్‌ని నమ్మవద్దు, డాక్టరు చీటీ చూసుకోండి. తప్పు దిద్దడానికి ముప్పావుగంట పట్టింది. ఆ తర్వాత సొరుగులోంచి ఒక ఫోన్ తీసి, దిద్దినదాన్ని అందులో ఎక్కించి, రిజిస్టరుతో పాటు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. చూసి పెట్టమని అడగడానికి నాకే మొహం లేదు. ఆయన ఫోన్ తీసుకున్నారు. మందు వేసుకునేవాళ్ళు ఎదురుచూస్తుంటే అలిగి కూర్చునే మనిషి కాదు.

మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తారీఖులు జరుపుతూ పన్నెండు నెలాఖరులూ చూశారు. మోగినప్పుడల్లా లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చారు. నేను గది గుమ్మం దగ్గర నిలబడి ఆ నడకలు చూస్తూ ఉండిపోయాను. సాయంత్రం రిజిస్టరు తెచ్చి ఇచ్చారు. ప్రతి నెలాఖరూ వివరంగా ఉంది. ఏ తారీఖున మోగింది, ఏ తారీఖున మోగలేదు, అన్నీ సరిగానే ఉన్నాయి. అడుగున సంతకం చోటు ఖాళీ.

“సంతకం నువ్వు పెట్టుకోమ్మా,” అన్నారు. “నేను చూసిందేదో, చూడనిదేదో ఇక నాకు తెలీదు. ఆ వాక్యం కూడా తీసెయ్యి.”

వెనక పేజీలు తిప్పితే, జూన్ నుంచి అక్టోబరు దాకా ఉన్న ఎనిమిది ‘చూశాను’లనూ ఒక్కో ఎర్రగీతతో కొట్టేసి, ప్రతిదాని అంచునా తీసెయ్యమనే ప్రూఫు గుర్తు పెట్టారు. గీతలు తిన్నగా ఉన్నాయి.

వాక్యం తీసేశాను. జరిగింది జరిగినట్టు, నా తప్పు నాదిగా, అందరికీ రాశాను. ఆస్పత్రికి వెళ్ళి కంపోజిటర్ గారికీ, కూతురికీ చెప్పాను. ఆవిడ, కనీసం వచ్చి చెప్పారు అంది. ఆ ‘కనీసం’ అన్న మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. వెయ్యిమంది దాకా యాప్ తీసేశారు. మిగిలినవాళ్ళలో ఒకావిడ, మీ ప్రూఫ్‌రీడర్ గారేమయ్యారు, మానేశారా అని రాసింది. ఆ ఉత్తరానికి ఇంకా జవాబివ్వలేదు.

మామయ్యగారు మానెయ్యలేదు. కొత్తది ఇస్తే చూస్తారు, తప్పులు రాసి ఇస్తారు. నాతో మామూలుగానే ఉంటారు. కోప్పడితే బావుణ్ణు అనిపిస్తుంది. కానీ గ్లాసు పట్టుకుని నా వెనక వచ్చి నిలబడటం మానేశారు. అడుగున ‘చూశాను’ అని మళ్ళీ రాయలేదు. ఆ చోట నేనూ ఏమీ రాయలేదు. ఎర్ర పెన్సిల్ తీసుకుంటాను, మళ్ళీ పెట్టేస్తాను. ఇప్పుడు మూడు రోజులు కాదు, పది రోజులైనా ఆగుతాను.

జనవరి నాలుగున, అంతకుముందు ఆయన రాసిన ఒక తప్పు వెతుకుతూ రిజిస్టరు తిరగేస్తుంటే, వెనక అట్టవైపు నుంచి తలకిందులుగా రాసిన పేజీలు కనిపించాయి. నవంబరు నుంచి మొదలయ్యాయి. ఒక్కో వరసకీ ఒక తారీఖు, ‘ఎనిమిదిన్నర. వేసుకున్నాడు. చూశాను.’ రోజు విడిచి రోజు. ఇన్నాళ్ళూ పొద్దున్నే నడకకి వెళ్తున్నారనుకున్నాను, వెళ్తున్నది కంపోజిటర్ గారింటికి. వేలు పెట్టి కిందికి చదువుకుంటూ వచ్చాను. డిసెంబరు ఇరవై తొమ్మిది. డిసెంబరు ముప్పై ఒకటి. జనవరి ఒకటి లేదు. జనవరి రెండు, ‘ఎనిమిదిన్నర. వేసుకున్నాడు. చూశాను.’ అదే చివరిది.

తలెత్తేసరికి ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తున్నారు. ఇంకా తొమ్మిది కాలేదు. అక్కడికే వెళ్ళి వస్తున్నట్టున్నారు.

“ఇప్పుడు సరిగ్గానే మోగుతోంది కదండీ ఆయన ఫోన్‌లో?” అన్నాను. అడగాలనుకున్నది అది కాదు.

“మోగుతుందమ్మా,” అన్నారు. “మోగితే వాడు ఫోన్ చూడ్డం లేదు. గుమ్మం వైపు చూస్తాడు. నేను వెళ్ళి ఊఁ అంటేగానీ నోట్లో వేసుకోడు.”

చెయ్యి చాపారు. రిజిస్టరు అట్టవైపునుంచే తెరిచి ఆయనకిచ్చాను. నిలబడే ఆ రోజు తారీఖు వేసుకున్నారు.